గ్రీన్‌కార్డు లాటరీ పేరుతో జరుగుతున్న వసూళ్లపై రెండు తెలుగు ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల్లో ప్రవాస తెలుగువారి వ్యవహారాలు చూసే మంత్రివర్యులకు, రెండు రాష్ట్రాల పోలీసు ఉన్నతాధికారులకు, వీసా కన్సల్టెన్సీలు నడుపుతున్న వారికి,

నమస్కారం.

నేను రాజంపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. పాస్‌పోర్టు స్లాట్లు బుక్ చేయడం, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో పిల్లలకు ఆప్షన్లు పెట్టివ్వడం, కువైట్ టికెట్లు ప్రింట్ తీయడం నా పని. మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. అందుకని విదేశాల కాగితాలు నా చేతుల మీదుగా చాలానే పోతుంటాయి. వాటిలో కొన్నేళ్లుగా ఒక రకం ఎక్కువైంది. అమెరికా జెండా, గద్ద బొమ్మ ఉన్న ముద్ర, కింద ఎవరిదో సంతకం. 'డైవర్సిటీ వీసా లాటరీలో మీరు ఎంపికయ్యారు, ఇన్ని రోజుల్లో ఇంత సొమ్ము కట్టండి' అని ఉంటుంది. 'అన్నా, కలర్ ప్రింట్ తియ్యి, గ్రీన్‌కార్డు లాటరీ తగిలింది' అంటూ సంబరంగా వస్తారు. పుట్టిన ఊరు ఏదని అడిగితే పుల్లంపేట అనో, చిట్వేలి అనో చెబుతారు. అక్కడే కథ అయిపోయిందని వాళ్లకు చెప్పాల్సిన పాపం నాకు పడుతోంది.

ఇలా మోసపోయిన కొందరి తరఫున అర్జీలు రాసిచ్చాను. ఒక పోలీసు స్టేషన్‌లో 'డబ్బు మీరే కదా ఇచ్చారు, ఇది సివిల్ మ్యాటర్' అన్నారు. ఇంకోచోట, ఏజెంటు ఉండేది హైదరాబాదు కాబట్టి అక్కడికే పొమ్మన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక అర్జీ సంబంధిత శాఖకు పంపామని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చేయకుండానే, ఏమీ అడగకుండానే 'పరిష్కరించబడింది' అని స్టేటస్ మారిపోయింది. ఏం పరిష్కరించారో అర్జీదారుకే తెలియదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు అసలు విషయం, అంటే ఈ పథకం నడిచే రోజుల్లోని రూళ్లు చెబుతాను. (2025 డిసెంబర్‌లో దాన్ని నిలిపేయమని ఆదేశించారు, ఆ సంగతి కింద వస్తుంది.) మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కానీ స్టేషన్‌లో అర్జీ తీసుకునే రైటర్‌కు, సచివాలయంలో కూర్చునే ఉద్యోగికి తెలియదని నా అనుభవం.

అమెరికాకు ఎక్కువమంది వలస వెళ్లని దేశాలవారికి అవకాశం ఇవ్వాలని 1990 నాటి వలస చట్టంలో జనం గ్రీన్‌కార్డు లాటరీ అనే ఈ డైవర్సిటీ వీసా పెట్టారు. 1995 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. చట్టంలో ఏడాదికి 55 వేల వీసాలు అని ఉంది. అందులో కొన్నిటిని వేరే అవసరాలకు తీసేయడంతో ఇచ్చేవి ఇంకా తక్కువ. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఇక మనకు సంబంధించిన ముక్క ఇది: గడిచిన ఐదేళ్లలో కుటుంబ, ఉద్యోగ కోటాల్లో 50 వేల కంటే ఎక్కువమంది వలస వెళ్లిన దేశంలో పుట్టినవారికి ఈ లాటరీ వర్తించదు. భారతదేశంలో పుట్టినవారు ఆ గీతను ఎప్పుడో దాటేశారు. అందుకే ఈ పథకం మొదలైన నాటి నుంచీ మన దేశం అర్హుల జాబితాలో లేదు. చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మెక్సికో, ఫిలిప్పీన్స్ కూడా ఇటీవలి జాబితాల్లో లేవు. మన పక్కనున్న నేపాల్, శ్రీలంకలకు మాత్రం ఉంది.

ఇక్కడ చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, ఎక్కడ పుట్టారని. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. రాజంపేటలో పుట్టినవాడికి అర్హత లేదు. అతడు డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా లేదు. కానీ తండ్రి కువైట్‌లో ఫ్యామిలీ వీసా మీద ఉన్నప్పుడు అక్కడి ఆస్పత్రిలో పుట్టి, పదో తరగతి తర్వాత ఇంటర్ చదవడానికి ఇక్కడికి వచ్చిన పిల్లకు ఉంది. ఆమె చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే, అయినా ఈ లాటరీ లెక్కలో ఆమె కువైట్ మనిషి. మస్కట్‌లో, జెడ్డాలో, దోహాలో పుట్టిన తెలుగు పిల్లలదీ అదే లెక్క. మలేషియా, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువారికీ అంతే. విశాఖలో బర్మా క్యాంపు ఉంది కదా, అక్కడ రంగూన్‌లోనో మౌల్‌మీన్‌లోనో పుట్టి వచ్చిన పెద్దవాళ్లకు కూడా రూలు ప్రకారం అర్హత ఉంది. ఈ వయసులో వాళ్లకు దానితో ఏం పని అనేది వేరే మాట.

ఇంకో దారి పెళ్లి. భర్త కడపలో పుట్టినా భార్య కువైట్‌లో పుట్టి ఉంటే, ఆమె పుట్టిన దేశం కింద అతడు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఇద్దరికీ కలిపే వీసా ఇవ్వాలి, కలిసే వెళ్లాలి. తల్లిదండ్రుల పుట్టిన దేశం చెప్పుకునే దారి కూడా ఒకటి ఉంది కానీ, వాళ్లిద్దరూ పిల్లాడు పుట్టిన దేశంలో పుట్టినవారు గానీ, అతడు పుట్టే నాటికి అక్కడ స్థిరంగా ఉంటున్నవారు గానీ కాకూడదు. మన ఊళ్లలో అలాంటి కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు.

పుట్టిన దేశంతో పాటు చదువు కూడా చూస్తారు. పన్నెండేళ్ల బడి చదువు, అంటే మనకు ఇంటర్ పాస్ అయి ఉండాలి. లేదా రెండేళ్ల శిక్షణ అవసరమయ్యే వృత్తిలో గత ఐదేళ్లలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. దరఖాస్తు అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దాని చిరునామా డాట్ గవ్ అని ముగుస్తుంది. ఏళ్లపాటు ఈ దరఖాస్తు పూర్తిగా ఉచితం. 2025లో ఒక్క డాలరు రుసుము పెట్టారు. ఎంపికైనవాళ్లు మాత్రం ఇంటర్వ్యూ సమయంలో మనిషికి 330 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు ముప్పై వేల రూపాయలు, కాన్సులేట్‌లోనే కట్టాలి. ముందుగా ఫోన్‌పే చేయమని, వెస్టర్న్ యూనియన్‌లో పంపమని అమెరికా ప్రభుత్వం ఎవరినీ అడగదు. ఎంపికయ్యారని ఉత్తరం రాదు, ఈమెయిల్ రాదు, వాట్సాప్ అసలే రాదు. దరఖాస్తు వేసినప్పుడు వచ్చే కన్ఫర్మేషన్ నంబరును మే నెల నుంచి ఎవరిది వాళ్లు అదే వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవాలి. జీమెయిల్ ఐడీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని అమెరికా ప్రభుత్వ ఉత్తరమని నమ్మి డబ్బు కట్టిన డిగ్రీ పిల్లలను నేను చూశాను.

పోటీ సంగతి కూడా తెలియాలి. 2025 సంవత్సరపు లాటరీకి ప్రపంచమంతటా దాదాపు 2 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. కుటుంబ సభ్యులతో కలిపి ఎంపికైంది సుమారు 1,31,000 మంది. అంతమందికీ వీసాలు లేవు. వీసాల కంటే రెట్టింపుకు పైగా పిలుస్తారు, ఎందుకంటే చాలామంది మధ్యలో ఆగిపోతారు. సెప్టెంబర్ 30లోపు వీసా చేతికి రాకపోతే ఎంపికైనా లాభం లేదు, వచ్చే ఏడాదికి జరపరు. అర్హత ఉన్నవాళ్ల పరిస్థితే ఇది. లేనివాళ్లకు 'గ్యారంటీ' అని చెప్పి డబ్బు తీసుకోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇంత అబద్ధాన్ని జనం ఎలా నమ్ముతున్నారని మీరు అడగవచ్చు. మన ఇళ్లలో లాటరీ అనగానే హెచ్1బీ ఉద్యోగ వీసా గుర్తొస్తుంది. ఏటా 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు. దాన్ని కంపెనీ వేయాలి, మనిషి సొంతంగా వేసుకునేది కాదు. మన పిల్లలకు అది నిజంగానే తగులుతోంది కాబట్టి ఇదీ తగులుతుందనుకుంటున్నారు. పైగా అక్కడ ఉద్యోగం చేస్తున్న పిల్లలు గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్లకు పైగా ఇరుక్కుపోయారు. ఉద్యోగ కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు ఉన్నా అక్కడా దేశానికి ఏడు శాతం పరిమితే. కొడుకు హెచ్1బీ మీద టెన్షన్ పడుతుంటే ఇక్కడ తల్లిదండ్రులు ఏ దారి కనపడినా డబ్బు కట్టేస్తున్నారు. ఏజెంట్లు పట్టుకుంటున్నది సరిగ్గా ఆ భయాన్నే. అన్నట్టు, ఇందాక చెప్పిన పుట్టిన దేశం రూలు ఆ క్యూకి కూడా వర్తిస్తుంది. భార్య గల్ఫ్‌లో పుట్టిందైతే భర్త ఆమె దేశం క్యూలోకి మారవచ్చు. ఉచితంగా దొరికే ఈ సమాచారాన్ని నాకు తెలిసిన ఏ ఏజెంటూ ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపు పెళ్లిచూపుల్లో అమ్మాయి పుట్టిన ఊరు గుచ్చిగుచ్చి అడుగుతారేమో, అదొక్కటే నా భయం.

ఇప్పుడు మామూలు కుటుంబాలకు జరుగుతున్న నష్టం చెబుతాను.

1. డబ్బు. మొదట రిజిస్ట్రేషన్ అని నాలుగైదు వేలు తీసుకుంటారు. అది పోయినా ఎవరూ పెద్దగా ఏడవరు. ఆ తర్వాత 'ఎంపికయ్యారు' అనే ఉత్తరం వస్తుంది. అప్పుడు ప్రాసెసింగ్, మెడికల్, లాయర్, ఇన్సూరెన్స్ అంటూ విడతలు విడతలుగా గుంజుతారు. కువైట్‌లో ఇంటిపని చేసే ఒక ఆడమనిషి తన కొడుకు కోసం ఇలా కట్టుకుంటూ పోయింది. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, బంగారం కుదువపెట్టింది. ఆ కొడుకు పుట్టింది మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో. మొదటి రోజే ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెకు రూపాయి ఖర్చయ్యేది కాదు. ఇప్పుడు ఆ అప్పు తీర్చడానికే ఆమె ఇంకో రెండేళ్ల అగ్రిమెంటు మీద వెళ్లింది.

2. కాగితాలు. ఒరిజినల్ పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ 'ఫైలు కోసం' అని తీసేసుకుంటారు. డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే మిగిలిన ఫీజు కడితేనే పాస్‌పోర్టు ఇస్తామంటారు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఒక ప్రైవేటు ఆఫీసు బీరువాలో దాన్ని తాకట్టు వస్తువులా పెట్టుకునే హక్కు ఎవరిచ్చారు? గల్ఫ్‌లో సెలవు ముగిసి తిరిగి వెళ్లాల్సినవాడి పాస్‌పోర్టు ఇలా ఆగిపోతే ఉద్యోగమే పోతుంది.

3. నిజంగా అర్హత ఉన్నవాళ్లకు అన్యాయం. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఒక మనిషి తరఫున ఏడాదికి ఒక్క దరఖాస్తే ఉండాలి, రెండోది పడితే రెండూ రద్దు. ఏజెంటు ఒకటి వేస్తాడు, గట్టిగా తగలాలని ఇంకోటి వేస్తాడు. దాంతో మొదటిదీ పోతుంది. ఫోటో ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి, 600 బై 600 పిక్సెళ్లు ఉండాలి, కళ్లజోడు ఉండకూడదు. పోయినేడాది ఫోటోనే మళ్లీ పెడితే తిరస్కరిస్తారు. స్టూడియోకి పంపడానికి బద్ధకించి పాత ఫోటోనే పెట్టేసేవాళ్లున్నారు. భార్య పేరో ఒక బిడ్డ పేరో దరఖాస్తులో వదిలేస్తే ఇంటర్వ్యూలో మొత్తం కుటుంబానికే వీసా నిరాకరిస్తారు. వీటన్నిటికంటే ఘోరం కన్ఫర్మేషన్ నంబరు దాచిపెట్టడం. ఆ నంబరు లేకపోతే ఫలితం చూసుకోలేరు. ఏజెంటు తన ఈమెయిల్‌తో దరఖాస్తు వేసి, నంబరు తన దగ్గరే ఉంచుకుని, నిజంగా ఎంపికైతే అప్పుడు లక్షల్లో బేరం పెడతాడు. ఇంకొందరైతే పెళ్లికాని పిల్లల దరఖాస్తులో ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తిని భార్యగానో భర్తగానో చూపిస్తామంటారు. ఆ చూపించినవాళ్ల దగ్గర విడిగా డబ్బు వసూలు చేస్తారు.

4. జీవితాంతం పడే మచ్చ. ఇక్కడ పుట్టినవాడికి అర్హత లేదని ఏజెంటుకు తెలుసు. అందుకే పుట్టిన చోటు ఖాట్మండు అని రాస్తాడు. దరఖాస్తుదారుకు ఇంగ్లీషు ఫారం చదవడం రాకపోతే ఆ సంగతి తెలిసే వీలే లేదు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని తేలితే అమెరికా చట్టం ఆ మనిషికి శాశ్వతంగా తలుపు మూసేయగలదు. రేపు అతడు చదువుకు వెళ్లాలన్నా, అక్కడున్న చెల్లెలి ప్రసవానికి తల్లిని తీసుకుని వెళ్లాలన్నా ఆ పాత అబద్ధం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. డబ్బు పోతే సంపాదించుకుంటాం. ఇది పోతే ఏ ఏజెంటు తెచ్చిస్తాడు?

5. పరువు. బంధువులకు ముందే చెప్పేసుకుని ఉంటారు. అందుకే ఫిర్యాదు చేయరు. మీ లెక్కల్లో కేసులు తక్కువగా కనపడటానికి అది కూడా ఒక కారణం.

2025 డిసెంబర్‌లో ఈ లాటరీ పథకాన్ని నిలిపివేయమని ఆదేశించినట్టు అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి ప్రకటించారు. మామూలుగా ఏటా అక్టోబర్, నవంబర్‌లలో జరిగే దరఖాస్తుల స్వీకరణ అప్పటికే వాయిదాలో ఉంది. దీంతో వసూళ్లు ఆగిపోతాయని అనుకున్నాను. కానీ 'మళ్లీ తెరవబోతున్నారు, సీటు ముందే బుక్ చేసుకోండి' అని ఇంకో ప్రకటన మొదలైంది. ఆగిపోయిన బస్సుకు కూడా టికెట్లు కోస్తున్నారు.

కన్సల్టెన్సీలు నడిపేవారికి రెండు మాటలు. మీలో నిజాయితీగా పనిచేసేవాళ్లు ఉన్నారు, నా దగ్గరికి వచ్చినవాళ్లను నేనే కొందరి దగ్గరికి పంపుతుంటాను. కానీ పక్క షాపులో జరుగుతున్నది మీకు తెలియదంటే నమ్మను. భారత్‌లో పుట్టినవారికి ఈ లాటరీ లేదని మీ ఆఫీసు గోడ మీద తెలుగులో ఒక్క వాక్యం అంటించడానికి ఏమవుతుంది? అర్హత ఉన్నవారి దరఖాస్తు నింపి సర్వీసు చార్జి తీసుకుంటే ఎవరూ కాదనరు, నేనూ ఫారం నింపినందుకు తీసుకుంటాను. కానీ దరఖాస్తుదారుడి సొంత ఈమెయిల్ పెట్టండి, కన్ఫర్మేషన్ పేజీ అక్కడికక్కడే ప్రింట్ తీసి చేతికివ్వండి, తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు రాయండి. పాస్‌పోర్టు కాపీ చాలు, ఒరిజినల్ ముట్టుకోవద్దు. మీ సంఘాలు సమావేశాలు పెట్టుకుంటాయి, సన్మానాలు చేసుకుంటాయి. ఇలాంటి ఏజెంటును ఒక్కణ్ణైనా బయటికి పంపారా?

ఇక ప్రభుత్వాలను, పోలీసు శాఖలను కోరేవి ఇవి.

1. అర్జీ తీసుకుని ఎఫ్ఐఆర్ కట్టండి. అబద్ధం చెప్పి డబ్బు రాబట్టడం భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం, అందులో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నకిలీ ముద్రతో ఉత్తరం తయారు చేయడం ఇంకో నేరం. దీన్ని సివిల్ మ్యాటర్ అని పంపించేయడం కుదరదని ప్రతి స్టేషన్‌కూ రాతపూర్వకంగా చెప్పండి. ఏజెంటు హైదరాబాదులో ఉన్నా, బాధితుడు కోడూరులో ఉన్నా నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ కట్టి పంపే వీలు కొత్త చట్టంలోనే ఉంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడికి హైదరాబాదు చుట్టూ తిరిగే తీరిక ఉండదు.

2. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చాలామందికి తెలుసు. కానీ 'వీసా ఫీజు నేనే ఇష్టపడి కట్టాను కదా' అనుకుని చేయడం లేదు. వీసా, గ్రీన్‌కార్డు మోసాలు కూడా దాని కిందికే వస్తాయని ప్రచారంలో విడిగా చెప్పండి.

3. గ్రామ, వార్డు సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో, పాస్‌పోర్టు సేవా కేంద్రాల బయట తెలుగులో ఒక పేజీ నోటీసు పెట్టండి. ఎవరికి అర్హత లేదు, ఎవరికి ఉంది, రుసుము ఎంత, ఎక్కడ కట్టాలి. ఈ నాలుగూ చాలు. నోటీసులో 'లేదు' అన్నది మాత్రమే రాయకండి. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలకు, పథకం నడుస్తున్న కాలంలో, అర్హత ఉంటుందని కూడా రాయండి. వాళ్లకు తెలిస్తే ఏజెంటు గడప తొక్కాల్సిన పనే ఉండదు.

4. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, తీసుకునే చార్జీకి పరిమితి కూడా ఉంది. గల్ఫ్ ఏజెంటు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నేనే చూసి చెబుతుంటాను. కానీ 'శాశ్వత నివాసం ఇప్పిస్తాం' అని బోర్డు పెట్టినవాడు ఉద్యోగం ఇప్పిస్తానని అనడు కాబట్టి ఆ చట్టానికి దొరకడు. పంజాబ్ ఇలాంటివాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2012లోనే చట్టం తెచ్చింది. హర్యానా 2025లో తెచ్చింది. అక్కడ మోసాలు పూర్తిగా ఆగిపోయాయని నేను అనడం లేదు. కానీ లైసెన్సు నంబరు లేని బోర్డు కనపడితే కనీసం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. రాబోయే శాసనసభ సమావేశాల్లో రెండు రాష్ట్రాలూ ఇలాంటి బిల్లు పెట్టాలి. 1983 చట్టం స్థానంలో తేవాలని విదేశాంగ శాఖ 2025లో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదా విడుదల చేసింది. శాశ్వత నివాసం ఏజెంట్లను కూడా అందులో చేర్చమని మన ఎంపీల చేత అడిగించండి.

5. ప్రకటనలు. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో, కేబుల్ టీవీ స్క్రోలింగ్‌లో 'తెలుగువారికి అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ' అని వస్తున్నవి మీరూ చూసే ఉంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. రాష్ట్ర పౌరసరఫరాల, వినియోగదారుల శాఖలు వాటిని పట్టుకుని అక్కడికి పంపితే చాలు. ఒక్కడికి జరిమానా పడితే పదిమంది బోర్డు పీకేస్తారు.

6. ప్రవాస తెలుగువారి కోసం ఆంధ్రలో ఏపీఎన్ఆర్‌టీ సంస్థ, వాళ్ల అర్జీలు తీసుకోవడానికి తెలంగాణలో ప్రవాసీ ప్రజావాణి ఉన్నాయి. గల్ఫ్ బాధితులకు వాటి వల్ల మేలు జరుగుతోంది. ఆ రెండు చోట్లా వీసా, శాశ్వత నివాసం మోసాలకు విడిగా ఒక మనిషిని కూర్చోబెట్టండి. డబ్బు కట్టకముందే ఫోన్ చేసి 'ఈ ఉత్తరం నిజమేనా' అని అడిగితే తెలుగులో జవాబు చెప్పగలిగే మనిషి కావాలి. గల్ఫ్‌లో పుట్టినవారికి అక్కడి జనన ధ్రువపత్రం సంపాదించడం కూడా పెద్ద తలనొప్పి. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు కట్టుబట్టలతో వచ్చేసిన కుటుంబాల్లో చాలామంది దగ్గర ఆ కాగితం లేదు. మన రాయబార కార్యాలయాల ద్వారా నకలు తెప్పించే ఏర్పాటు చేస్తే లాటరీకి మాత్రమే కాదు, ఇంకెన్నో పనులకు పనికొస్తుంది.

7. 'పరిష్కరించబడింది' అని మూసేసిన అర్జీలను తిరిగి తెరవండి. మూసేముందు అర్జీదారుకు ఫోన్ చేసి, ఏం చేశారో చెప్పి, అతడు సరేనంటేనే మూయాలి.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నకిలీ ఉత్తరాలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు వాళ్లు దాచుకున్నారు. పేర్లు ఇక్కడ రాయడం లేదు, బాధ్యత ఉన్న అధికారి అడిగితే వాళ్లే వచ్చి ఇస్తారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఇద్దరు త్వరలో తిరిగి వెళ్లిపోతారు, వాళ్ల వాంగ్మూలం ఆలోపే తీసుకోవాలి. మీ జవాబు మాత్రం నాకు విడిగా పంపకండి, పత్రికా ప్రకటనగా ఇవ్వండి. ప్రింట్ తీసి నా షాపు తలుపు మీద అంటిస్తాను.

ఇట్లు,
రాజంపేటలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునే ఒక పౌరుడు